వెబ్‌సైటుకు ప్లగిన్: విత్తనం కొన్నంత జాగ్రత్త అవసరం

విత్తనాల పొట్లం కొనేటప్పుడు మన రైతు లాట్ నంబరు చూస్తాడు, గడువు తేదీ చూస్తాడు, దుకాణదారు దగ్గర బిల్లు అడిగి తీసుకుంటాడు. నకిలీ మిర్చి, పత్తి విత్తనాలతో నష్టపోయిన అనుభవం నేర్పిన జాగ్రత్త అది. కాని బడి పేరిటో, రైతు సంఘం పేరిటో, గుడి కమిటీ పేరిటో వెబ్‌సైటు పెట్టి దానికి ప్లగిన్ చేర్చేటప్పుడు అందులో సగం జాగ్రత్త తీసుకునేవారు కూడా అరుదు.

ప్లగిన్ అంటే వెబ్‌సైటుకు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాము. దరఖాస్తు ఫారం, ఫొటోల పేజీ, చందాలు కట్టే ఏర్పాటు వంటివి దీనితో వస్తాయి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పదింట నాలుగింటికి పైగా వర్డ్‌ప్రెస్ అనే సాధనంతో నడుస్తున్నాయి. దానికి ఇటువంటి ప్లగిన్లు వేల సంఖ్యలో ఉచితంగా దొరుకుతాయి. నెక్కొండ వంటి మండల కేంద్రంలో కంప్యూటరు తెలిసిన కుర్రవాడు కొద్ది ఖర్చుతో సైటు తయారు చేయగలుగుతున్నాడంటే అందుకు ఇవే కారణం. ఇది సంతోషించదగ్గ విషయమే.

అయితే వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్‌కు హద్దులు గీసే ఏర్పాటు లేదు. ఒకసారి చేర్చాక సైటులో ఉన్నదంతా దాని చేతికి అందుతుంది. ఫొటోలు చూపడానికి తెచ్చిన ప్లగిన్ కూడా అదే సైటులో దాచిన పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు, బ్యాంకు ఖాతా నంబర్లు చదవగలదు. అంటే ముప్పు సైటు పెట్టిన వారికి మాత్రమే కాదు, వారిని నమ్మి వివరాలిచ్చిన జనానికి.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2017లో డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ సుమారు 2 లక్షల సైట్లలో ఉండేది. తయారు చేసినవారు దాన్ని వేరొకరికి అమ్మేశారు. కొన్నవారు కొత్త కూర్పులో దొంగదారి పెట్టి, సైటు యజమానులకు తెలియకుండా వారి సైట్లలో ప్రకటనలు చొప్పించారు. 2020 సెప్టెంబరులో ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో లోపం బయటపడింది. అది 7 లక్షలకు పైగా సైట్లలో ఉండేది. నమూనా కోసం ఇచ్చిన ఒక ఫైలును పేరు మార్చి అందులోనే వదిలేయడం వల్ల, పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా తమ ఫైళ్లను సైటులోకి ఎక్కించే వీలు కలిగింది. ఎక్కువమంది వాడుతున్నారు గనుక మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం ఎంత బలహీనమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

చిన్న ఊరి సైటు జోలికి ఎవరొస్తారని కొందరు వాదించవచ్చు. దాడి చేసేవారు ఊరి పేరు చూసి రారు. లోపమున్న ప్లగిన్ ఎక్కడెక్కడ ఉందో యంత్రాలే రేయింబవళ్లు వెతుకుతుంటాయి. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచే సమాచారం చోరీ అయింది. పోలీసు శాఖకే తప్పని ముప్పు ఊరి బడికి రాదనుకోవడం పొరపాటు.

ప్లగిన్ చేర్చేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, అది ఎక్కడి నుంచి వస్తున్నది. వర్డ్‌ప్రెస్ అధికారిక జాబితా నుంచి కాక, డబ్బు పెట్టి కొనవలసినదాన్ని ఎవరో ఉచితంగా పంపిస్తే దాన్ని ముట్టుకోకూడదు. రెండవది, చివరిసారి ఎప్పుడు సవరించారు. ఏళ్ల తరబడి సవరణ లేనిది గడువు తీరిన విత్తనంతో సమానం. మూడవది, తయారీదారు ఎవరు, ఇటీవల చేతులు మారిందా, వాడేవారి ఫిర్యాదులకు జవాబిస్తున్నారా. నాలుగవది, దాని పేరు మీద ఇంతకుముందు లోపాలు నమోదయ్యాయా, అయితే ఎన్నాళ్లకు సరిచేశారు. ఐదవది, అసలు అది అవసరమా. వాడనిదాన్ని నిలిపివేసి వదలకూడదు, పూర్తిగా తొలగించాలి. చేర్చేముందు సైటు మొత్తానికి నకలు తీసి భద్రపరచుకోవాలి.

ప్రోగ్రాము చదవడం మాకు రాదనేవారికి ఇవేవీ కష్టం కావు. పైవాటిలో దేనికీ ప్రోగ్రాము చదవనక్కరలేదు, అరగంట ఓపిక ఉంటే చాలు. ఇంకా లోతుగా చూడాలంటే వరంగల్‌లో నిట్ ఉంది, ఇతర ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. విద్యార్థులు తమ చదువులో భాగంగా మండలాల్లోని సంఘాల, బడుల సైట్లను పరీక్షించి పెడితే ఉభయులకూ మేలు. జిల్లా యంత్రాంగం ఇందుకు చొరవ చూపాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లకు గుర్తింపు పొందిన సంస్థలచేత భద్రతా తనిఖీ చేయించాలన్న నియమం ఉంది. ఊరి సంఘాల సైట్లను చూసే నాథుడు లేడు.

బాధ్యత సైటు తయారు చేసిన కుర్రవాడి మీదకు నెట్టి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, వివరాలు సేకరించే సంస్థే వాటికి తగిన రక్షణ కల్పించాలని చెబుతున్నది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కనుక ప్రతి సంఘం, ప్రతి బడి యాజమాన్యం ఒక పుస్తకం పెట్టి, ఏ ప్లగిన్ చేర్చారు, ఎవరు పరిశీలించారు, ఏ తేదీన సవరించారు అన్నవి అందులో రాయాలి. చేర్చే నిర్ణయం కమిటీ సమావేశంలో జరగాలి. ఆధార్, బ్యాంకు వివరాలు అవసరం లేని ఫారంలో వాటిని అడగకూడదు. అసలు సేకరించని వివరాలు సైటు నుంచి చోరీ అయ్యే ప్రమాదం లేదు.

గ్రామస్థులు కూడా మొహమాటపడకుండా అడగాలి. ఫారం నింపమన్నప్పుడు మా వివరాలు ఎక్కడ దాస్తున్నారు, ఎవరు కాపాడుతున్నారు అని ప్రశ్నించే హక్కు ప్రతివారికీ ఉంది. వివరాలు బయటికి పొక్కి ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయాలి. అంతదాకా రానివ్వకుండా ముందే చూసుకోవలసిన బాధ్యత మాత్రం సైటు నడిపేవారిదే. మండలంలోని సంఘాలు, విద్యాసంస్థలు వచ్చే సమావేశంలోనే ఈ విషయం చర్చకు పెట్టాలని కోరుతున్నాం.