సందూక్‌లో ఉన్న సఫర్‌ని తగలబెట్టకండి

మా చిచ్చా ఇంతెకాల్ అయిన నలభయ్యో రోజు ఆయన ఇనప సందూక్ తెరిచారు. వన్‌టౌన్‌లో ఇల్లు ఖాళీ చేయాలి, అందుకని. ఓడలో కొలువు చేసిన మనిషి సందూక్‌లో ఏముంటుంది? పాత డిశ్చార్జి బుక్కు, ఒక అత్తరు సీసా, జపాన్ గడియారం, అడుగున తువ్వాలులో చుట్టిన రెండు రేకు డబ్బాలు. డబ్బాల్లో సూపర్ ఎయిట్ ఫిల్ము రీళ్ళు.

మా ఫుప్పా చూడగానే ఫైసలా చెప్పేశారు. "అందులో మన ఆడవాళ్ళున్నారు, బేపర్దా. జలా దేవ్." ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన మాట కదా. నేను మాత్రం డబ్బాలు తీసి నా సంచిలో వేసుకున్నాను. ఆ పూట నుంచి ఖాన్‌దాన్‌లో నా పేరు బద్తమీజ్. సరే, ఆ బద్తమీజ్ చెప్పేది కాస్త వినండి. ఇది మా ఒక్క ఇంటి కిస్సా కాదు. ఈ బ్లాగు చదివే మీలో చాలామంది ఇళ్ళలో అటక మీద ఇలాంటి డబ్బా ఒకటి ఉంది, లేదా ఉండేది.

ముందు ఆ రీలులో ఏముందో చెబుతాను. హైదరాబాదులో ఒకరి దగ్గర స్కాన్ చేయించాను. సూపర్ ఎయిట్ అనేది 1965లో కొడాక్ తెచ్చిన చిన్న ఫిల్ము. ఒక్కో క్యాట్రిడ్జి 50 అడుగులు, ఆడితే మూడు నిమిషాల ఇరవై సెకన్లు. చిచ్చా నాలుగు క్యాట్రిడ్జిలు అతికించి పెట్టారు. మొత్తం పదమూడు నిమిషాలు. ఆవాజ్ లేదు. విశాఖ నుంచి నెల్లూరు దగ్గర కసుమూరు దర్గాకు అద్దె అంబాసిడర్‌లో వెళ్ళిన సఫర్ అది. తర్వాత ఓడెక్కినప్పుడు ఫిల్మును వెంట తీసుకెళ్ళి, ఏదో రేవులో కడిగించి తెచ్చారట.

మొదట కనిపించేది దర్గా కొండ. రేవు మొగ దగ్గర మూడు కొండలున్నాయని మీకు తెలుసు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద హజ్రత్ ఇస్‌హాక్ మదనీ దర్గా. ఓడలవాళ్ళు రేవు దాటేటప్పుడు ఆ దర్గా వైపు తిరిగి సలాం చేస్తారని ఊరంతా చెప్పుకునే మాట. కొండ కింద కారు, కారు ముందు మా దాదీ. ముదురాకుపచ్చ నేత చీర, తల మీద పల్లూ. కెమెరా చూసి నవ్వు ఆపుకోలేక పల్లూ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పుట్టేసరికే దాదీ పోయింది. ఆమె నవ్వుతుందని నాకు అరవై ఏళ్ళ దగ్గర పడ్డాక తెలిసింది.

తర్వాత గాజువాక దాటిన రోడ్డు. కూర్మన్నపాలెం వైపు తాటిచెట్లు, మట్టి గోడల ఇళ్ళు, రోడ్డు పక్కన మేకలు. ఉక్కు ఫ్యాక్టరీ జాడ లేదు. 1966లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని జనం ప్రాణాలిచ్చారు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. ఆ తర్వాత ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయాయి. లేచిపోయిన ఆ ఊళ్ళవాళ్ళకు తమ వీధి ఎలా ఉండేదో చూపించే తస్వీరు ఎంతమంది దగ్గర ఉంటుంది? మా చిచ్చా కారు కిటికీలోంచి తీసిన ఇరవై సెకన్లలో ఒక వీధి ఉంది. ఆయనకు తెలియకుండానే వాళ్ళ అమానత్ కూడా మా సందూక్‌లోకి వచ్చి చేరింది.

ఆ తర్వాత గోదారి. కారు పంటు మీదకు ఎక్కుతోంది. పదిహేనేళ్ళ మా అబ్బా చెప్పులు చేత్తో పట్టుకుని వెనక నడుస్తున్నారు. రాజమండ్రిలో రోడ్డు, రైలు వంతెన 1974లో తెరిచారు కాబట్టి ఈ సఫర్ అంతకు ముందుది. తారీఖు ఎవరూ రాసి పెట్టకపోయినా రీలే చెప్పింది.

చివర కసుమూరు. దర్గా మెట్ల మీద మా డ్రైవరు మామ, నుదుట విభూతి, భుజం మీద మా ఫుప్పూ కొడుకు. ఇద్దరి చేతుల్లోనూ మొక్కజొన్న పొత్తులు.

ఇదీ మా వాళ్ళు తగలబెట్టమన్న గునా.

ఇప్పుడు ఎత్రాజులకు వద్దాం. మొదటిది, తస్వీర్ హరామ్. హదీసుల్లో బొమ్మలు చేసేవాళ్ళ గురించి కఠినంగా ఉందని నాకూ తెలుసు. కెమెరా తస్వీరు దానికిందికి వస్తుందా రాదా అన్నదాని మీద ఉలమాల్లో ఎఖ్తెలాఫ్ ఉందని కూడా తెలుసు. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ వందేళ్ళ కిందటే ఇది నీడను పట్టి ఉంచడం లాంటిదని, చేత్తో చేసిన బొమ్మ కాదని రాశారు. ఒప్పుకోని పెద్ద ఆలిములూ ఉన్నారు, వాళ్ళ మాటకూ నా దగ్గర ఎహతెరాం ఉంది. హరామ్ అని నమ్మి ఇంట్లో ఒక్క ఫోటో లేకుండా బతికే మనిషి చెబితే తల వంచి వింటాను. కానీ హజ్ పాస్‌పోర్టుకు ఫోటో దిగి, కొడుకు షాదీకి డ్రోన్ ఎగరేయించి, వలీమా వీడియో స్టేటస్ పెట్టుకున్న చేత్తో దాదీ రీలుకు అగ్గిపుల్ల గీస్తానంటే అది దీన్ కాదు భాయ్, జిద్.

రెండోది దర్గా. "ఆ బిద్‌అత్‌లన్నీ వదిలేశాం, మళ్ళీ ఎందుకు చూపించడం" అంటారు. దర్గాకు వెళ్ళాలా వద్దా అన్నది వేరే బహస్, ఇక్కడ పెట్టను. మీరు వదిలేశారు, మంచిది. మీ తాత వెళ్ళాడన్నది మాత్రం వాస్తవం. మన అమల్ మారితే వాళ్ళ జిందగీ వెనక్కి వెళ్ళి మారదు.

మూడోదే అసలైనది, పర్దా. దీన్ని తేలిగ్గా కొట్టెయ్యను. దాదీ ఇప్పుడు లేదు, ఇజాజత్ అడగలేం. ఆమె ఆ రోజు నవ్వింది ఇంటి మనిషి పట్టుకున్న కెమెరా ముందు, లోకం ముందు కాదు. అందుకే ఆ రీలును యూట్యూబ్‌లో పెట్టలేదు, పెట్టను. గ్రూపుల్లో పంచలేదు. ఖాన్‌దాన్‌లో వాళ్ళు మా ఇంటికొచ్చి చూస్తారు. భద్రంగా దాచడం వేరు, నలుగురిలో ప్రదర్శించడం వేరు. హయా అంటే తాళం వేసి దాచమంటుంది, బూడిద చేయమని ఎక్కడా అనదు.

ఇంకో మాట. పైకి చెప్పరు గానీ, కొందరికి ఆ రీలులో అసలు ఇబ్బంది దాదీ ముఖం కాదు, దాదీ చీర. మన ఇళ్ళలో మొదటినుంచీ ఇప్పుడున్న పద్ధతే ఉండేదని పిల్లలకు చెప్పుకుంటున్నాం. నేత చీర, తల మీద పల్లూ, ఐదు పూటలా నమాజు, డ్రైవరు మామతో కలిసి జొన్నపొత్తులు. ఇవన్నీ ఒకే మనిషిలో ఉండేవని ఆ పదమూడు నిమిషాలు చూపిస్తాయి. నేటి బురఖాను నేను తప్పు పట్టడం లేదు. నా కూతురు వేసుకుంటుంది, తన ఇష్టంతో. దాదీని తుడిచేసి ఆమెకు తారీఖ్ నేర్పొద్దంటున్నాను.

ఇక నాలుగో ఎత్రాజ్, "అందులో ఏముంది, మనమే కదా". ఇది విన్నప్పుడే నాకు ఎక్కువ కోపం వస్తుంది. బ్రిటిష్ జమానాలో మన దేశంలో కొలువు చేసిన దొరలు, దొరసానులు తీసుకున్న ఇంటి ఫిల్ములు ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం దక్షిణాసియా అధ్యయన కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. వాళ్ళ పిక్నిక్కులు, షికారులు, కారు సఫర్లు. అలాంటి ఫిల్ముల్లో మనవాళ్ళు కనబడితే ఖాన్సామాగానో, చప్రాసీగానో, కారు తలుపు తీసే మనిషిగానో కనబడతారు. దొర సెలవు రోజుకు ఆర్కైవు, మన సెలవు రోజుకు అగ్గిపెట్టె. ఈ ఫర్ఖ్ ఇప్పుడు దొర చేస్తున్నది కాదు, మనమే చేస్తున్నాం.

అమెరికాలో రెండో ప్రపంచయుద్ధ కాలంలో లక్షకు పైగా జపాన్ మూలాలవాళ్ళను ముళ్ళకంచెల క్యాంపుల్లో పెట్టారు. టోపాజ్ అనే క్యాంపులో డేవ్ తాత్సునో అనే దుకాణదారు దొంగచాటుగా తెప్పించుకున్న ఎనిమిది మిల్లీమీటర్ల కెమెరాతో ఇంటివాళ్ళను, ఇరుగుపొరుగును తీశాడు. మంచులో ఆడుకునే పిల్లలు, భోజనాలు, అంతే. 1996లో ఆ ఇంటి ఫిల్మును అమెరికా జాతీయ ఫిల్ము రిజిస్ట్రీలో చేర్చారు. "అందులో ఏముంది, మనమే కదా" అని అతనూ అనుకుని ఉంటే?

సినిమాల్లో మనం ఎలా ఉంటామో నేను చెప్పాలా? బాంబు పెట్టేవాడు, లేదంటే హీరో కోసం ప్రాణం ఇచ్చే మంచి భాయ్. 'పాత విశాఖ' అంటూ తిరిగే ఫోటోల్లో మనం ఒక కొండ, ఒక మీనార్. కొండెక్కిన మనుషులు ఉండరు. మనల్ని చూపించడం లేదని షికాయత్ చేస్తాం. చేయాలి కూడా. కానీ చూపించడానికి మన దగ్గరున్నది మనమే కాలుస్తుంటే ఆ షికాయత్ ఎవరు వింటారు?

2019 చివర్లో కాగజ్‌ల కోసం మనం ఎలా పరుగెత్తామో గుర్తుందా? తాత బర్త్ సర్టిఫికెట్, దాదీ పేరులో స్పెల్లింగు, స్కూలు టీసీ. రీలు పౌరసత్వ సబూత్ కాదు, ఏ కచేరీలోనూ చెల్లదు. అది నాకు తెలుసు. కానీ నా మనవడు రేపు స్కూలు నుంచి వచ్చి "మనం ఎక్కడినుంచి వచ్చాం" అని అడిగితే, ఈ రోడ్డు మీద నుంచే బేటా అని చూపించడానికి పదమూడు నిమిషాలున్నాయి.

ఇంత మాట్లాడుతున్న నేను బేదాగ్ కాదు. పదిహేనేళ్ళ కిందట మా ఖాలా ఇంట్లో ఇలాంటివే మూడు డబ్బాలు పెరట్లో తగలబెట్టారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ మూడింటిలో ఒకదాంట్లో మా అమ్మీ నికా ఉందని తర్వాత చెప్పారు. ఆ రోజు పెద్దల ముందు అదబ్ అనుకున్నది బుజ్‌దిలీ అని ఇప్పుడు తెలుస్తోంది.

చిచ్చా రెండో డబ్బా తెరిస్తే గుప్పున సిర్కా వాసన. ఆ కాలపు ఎసిటేట్ ఫిల్ము కుళ్ళితే అదే వాసన వస్తుంది. వేడి, తేమ తగిలితే ఇంకా తొందరగా పోతుంది. మన సముద్రపు గాలి గురించి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ సందూక్‌లోకి నీళ్ళు వెళ్ళాయట. రెండో రీలు ముద్దకట్టింది, ఏమీ దక్కలేదు. అగ్గి పెట్టకపోయినా ఇంకో పదేళ్ళలో మీ డబ్బాలూ అలాగే అవుతాయి.

కాబట్టి ఈ ఆదివారం అటక ఎక్కండి. డబ్బా దొరికితే పాత ప్రొజెక్టర్‌లో వేయకండి, తెగిపోతుంది. చల్లగా, పొడిగా ఉన్నచోట పెట్టి, తెలిసినవాళ్ళ దగ్గర స్కాన్ చేయించండి. తర్వాత ఇంట్లో అందరికన్నా పెద్దామెను కూర్చోబెట్టి చూపించి, ఎవరెవరో అడిగి పేర్లు రాసుకోండి. పేర్లు చెప్పగలిగినవాళ్ళు రీళ్ళకన్నా తొందరగా వెళ్ళిపోతున్నారు.

మా ఫుప్పా పోయిన జుమా తర్వాత మా ఇంటికొచ్చారు. సలాం తప్ప ఏమీ అనలేదు. చాయ్ తాగి, "ఆ పంటు మీద... నేను కూడా ఉన్నానేమో" అన్నారు. ఉన్నారు. వెనక సీటులో, పందొమ్మిదేళ్ళ వయసులో, కొత్త పెళ్ళికొడుకు. మూడుసార్లు వేయించుకుని చూశారు. జలా దేవ్ అన్న మాట మళ్ళీ రాలేదు.

అల్లాహ్ మా చిచ్చాకు, మన బుజుర్గులందరికీ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.