ఈ చదువు కూడా ఫర్జే

గత వేసవిలో ఒక జుమా రోజున మాదాపూర్ ప్రాంతంలోని ఒక మస్జిదులో నమాజు చేసే భాగ్యం కలిగింది. హైటెక్ సిటీ కార్యాలయాల్లో పనిచేసే యువకులతో మస్జిదు కిటకిటలాడింది. మెడలో గుర్తింపు కార్డులు వేలాడుతుండగా, పని మధ్యలో ఆపి పరుగున వచ్చిన ఆ పిల్లలను చూసి నా మనసు ఎంతో సంతోషించింది. వుజూఖానాలోకి వెళ్ళాక ఆ సంతోషం కొంత తగ్గింది. కుళాయిలన్నీ పూర్తిగా తిప్పి ఉన్నాయి. తల మీద మసహ్ చేసుకుంటున్నప్పుడు కూడా నీళ్ళు ధారగా పోతూనే ఉన్నాయి. బయట గేటు దగ్గర నీళ్ళ ట్యాంకరు నిలబడి ఉంది. మస్జిదు బోరు ఎండిపోయి రెండు నెలలైందని, చందా డబ్బులో ఎక్కువ భాగం ట్యాంకర్లకే పోతోందని కమిటీ సదర్ సాబ్ చెప్పారు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ముద్ద్ నీటితో, అంటే ఇంచుమించు లీటరులోపు నీటితో, వుజూ చేసుకునేవారని హదీసుల్లో ఉంది. పారే నది ఒడ్డున ఉన్నా నీటిని వృథా చేయరాదన్న ఆయన ఉపదేశాన్ని మక్తబ్‌లో చిన్నపిల్లలకు కూడా నేర్పుతాం. నేర్పినవారిలో నేనూ ఒకణ్ణి. అయితే సదర్ సాబ్ నన్ను వేరే ప్రశ్న అడిగారు. "మౌలానా, ఈ బోరు మళ్ళీ నిండాలంటే ఏం చేయాలి? వుజూ నీళ్ళను శుభ్రం చేసి భూమిలోకి ఇంకించవచ్చా? ఎవరిని అడగాలి?" నా దగ్గర సమాధానం లేదు. పక్కన నిలబడ్డ నలుగురు ఇంజనీర్లను అడిగాం. నలుగురూ కంప్యూటర్ ఇంజనీర్లే. వారికీ తెలియదు.

నా పొరపాటు

ఈ విషయం మీద నలుగురికి హితవు చెప్పే ముందు నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి బి.ఎస్సీ. మంచి మార్కులతో పూర్తిచేసింది. ఎం.ఎస్సీ. పర్యావరణ శాస్త్రం చదవాలని ఆమె కోరిక. తండ్రికి చిన్న వెల్డింగు దుకాణం ఉంది. ఒకరోజు మగ్రిబ్ తర్వాత ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "మౌలానా సాబ్, చెట్లు నాటడానికి ఎం.ఎస్సీ. ఎందుకండీ? మీరు చెబితే వింటుంది" అన్నాడు. నేను మారు ఆలోచన లేకుండా, "బేటీ, ముందు ఇల్లు గడవాలి. ఎం.సి.ఏ. చెయ్యి. హైటెక్ సిటీలో ఉద్యోగం దొరుకుతుంది" అని చెప్పాను. ఆమె తల వంచుకుని "జీ ఉస్తాద్" అంది. నేను చెప్పినట్టే చదివింది. ఉద్యోగం వచ్చింది. అల్‌హందులిల్లాహ్, ఇల్లూ గడిచింది.

2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వానలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు పొంగి దిగువనున్న బస్తీల మీద పడ్డాయి. ఎన్నో కుటుంబాలు తమవారిని పోగొట్టుకున్నాయి. ఈ అమ్మాయి వాళ్ళ ఇల్లు కూడా నడుము లోతు బురదలో మునిగింది. సహాయ సామగ్రి తీసుకుని వెళ్ళినప్పుడు ఆమె తడిసిన సర్టిఫికెట్లు ఆరబెట్టుకుంటూ నన్ను ఒక మాట అడిగింది. "ఉస్తాద్, మనకు ఎగువన చెరువు ఉందని, దాని నీళ్ళు పోయే నాలా మీద ఇళ్ళు కట్టేశారని, స్థలం కొనేటప్పుడు మన బస్తీలో ఒక్కరికీ ఎందుకు తెలియలేదు?" ఆమె నన్ను నిందించలేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె చదువుతానన్నది ఈ ప్రశ్నకు జవాబు చెప్పే చదువే.

ఫర్జె కిఫాయా అంటే ఏమిటి?

నమాజు, రోజా ప్రతి ముస్లిం మీదా విధి. ఇది ఫర్జె ఐన్. జనాజా నమాజులాంటిది ఫర్జె కిఫాయా. కొందరు నెరవేరిస్తే అందరి భారం దిగిపోతుంది. ఎవరూ నెరవేర్చకపోతే యావత్తు సమాజం దోషి అవుతుంది. ఈ మాట మనకు తెలిసిందే. అయితే వైద్యం, గణితం వంటి లౌకిక విద్యలు కూడా ఫర్జె కిఫాయా కిందికే వస్తాయని ఇమాం గజాలీ (రహ్మ) తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో వివరించారు. ఆ కాలంలో జనం పేరుప్రతిష్ఠల కోసం ఫిఖహ్ చదువుకే ఎగబడేవారు. ఎన్నో పట్టణాల్లో ముస్లిం వైద్యుడే ఉండేవాడు కాదు. నిండిపోయిన చోటికే అందరూ పోయి, ఖాళీగా ఉన్న చోటును వదిలేయడం దీన్ కోసం చేసే పని కాదని ఆయన బాధపడ్డారు.

ఆ మాటను మన కాలానికి అన్వయించి చూడండి. కంప్యూటర్ చదువు హరామ్ కాదు. అది ఎన్నో పేద కుటుంబాలకు అన్నం పెట్టింది. కాని మహల్లాలో పది మంది పిల్లలుంటే పది మందినీ అటే తోస్తున్నాం. నీరు, గాలి, నేల గురించి తెలిసినవాడు ఒక్కడూ లేకపోతే ఆ ఫర్జ్ ఎవరి మెడ మీద ఉంటుంది? మానవుణ్ణి భూమి మీద ఖలీఫాగా నియమించినట్టు దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతుంది. సృష్టిలో తాను నెలకొల్పిన సమతూకాన్ని సూరా రహ్మాన్‌లో అల్లాహ్ గుర్తుచేసి, దాన్ని చెడగొట్టవద్దని హెచ్చరించాడు. ఒక తోట అప్పగించినప్పుడు దాని లెక్కలు తెలిసినవాణ్ణి నియమించుకోవడం కూడా అమానత్‌లో భాగమే.

మన పెద్దల బాట

ఈ విద్య మనకు పరాయిది కాదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, చార్మినారు కట్టడానికి దాదాపు ముప్పై ఏళ్ళ ముందే, హజ్రత్ హుస్సేన్ షా వలీ (రహ్మ) పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ నిర్మించారు. ఈనాడు తీగల వంతెన కింద కనిపించే దుర్గం చెరువు ఆనాడు గోల్కొండ కోటకు తాగునీరు అందించింది. ఇప్పుడు దాని చుట్టూ ఆకాశాన్నంటే భవనాలు వచ్చాయి, వాటి వెంట మురుగు కూడా వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద నిజాం ప్రభుత్వం ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిర్మించింది. నిజాం సాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంగ్లండు వెళ్ళి కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు చదువుకుని వచ్చినవాడు. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నారు. ఆ తరం తల్లిదండ్రులు కొడుకును నీళ్ళ చదువుకు పంపితే ఆ నీళ్ళు ఈనాటికీ పొలాలకు పారుతున్నాయి. దీనికి మించిన సదఖా జారియా ఏముంటుంది?

జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో జీవో 111 వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ మరో జీవో వచ్చింది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేత మీద విద్యార్థులు ఆందోళన చేశారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ స్థలానికి చేరువలోనే మన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఇటువంటి వివాదాల్లో ఏ పక్షం మాట నిజమో తేల్చుకోవాలంటే నివేదికలు చదవగలవారు, నీటి పరీక్షల అంకెలు అర్థం చేసుకోగలవారు మన మధ్య ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన సందేశాన్ని పదిమందికి పంపితే ఆ పని జరగదు.

ఇంటి పక్కనే ఉంది

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు అందరి దృష్టీ కంప్యూటర్ల మీదే నిలిచింది. అక్కడికి కొద్ది దూరంలో, కొత్తగూడ దగ్గర, 2004 జూలై 14న రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం మరొక భవనాన్ని ప్రారంభించిన సంగతి మనలో చాలామందికి తెలియదు. దాని పేరు సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. అమెరికా వెలుపల ఆ దేశపు హరిత భవనాల మండలి నుంచి ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం అదే. మన పాత కట్టడాల్లోని జాలీల వంటి గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే బురుజులు అందులో ఉన్నాయి. వాడిన నీటిని మొక్కల వేళ్ళ సాయంతో శుద్ధి చేసి తోటకే వాడుకుంటారు. సదర్ సాబ్ ప్రశ్నకు జవాబు ఆ మస్జిదుకు అంత చేరువలోనే ఉందన్నమాట! అక్కడే గచ్చిబౌలిలో పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధనా సంస్థ (ఈ.పి.టి.ఆర్.ఐ.) 1992 నుంచి ఉంది.

ఈ చదువులో చెట్లు నాటడం ఒక్కటే ఉండదు. నీరు, గాలి, నేల పరీక్షించడం, మురుగునీటి శుద్ధి, చెత్త నిర్వహణ, ఉపగ్రహ చిత్రాలతో భూముల పటాలు తయారుచేయడం, పర్యావరణ చట్టాలు, ఒక కర్మాగారం వస్తే చుట్టుపక్కల ఏం జరుగుతుందో ముందే అంచనా వేయడం, ఇవన్నీ ఉంటాయి. ఉస్మానియాలో ఎం.ఎస్సీ. పర్యావరణ శాస్త్రం ఉంది. బి.ఎస్సీ. చదివినవారు ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు. బి.టెక్. చేసినవారికి కూకట్‌పల్లి జె.ఎన్.టి.యు.లో ఎం.టెక్. ఉంది. ఉద్యోగం వదలలేనివారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పర్యావరణం, సుస్థిర అభివృద్ధి మీద పి.జి. డిప్లొమాను దూరవిద్య ద్వారా అందిస్తోంది.

తల్లిదండ్రుల సందేహాలు

"ఉద్యోగం దొరుకుతుందా?" అన్నది మొదటి సందేహం. సాఫ్ట్‌వేర్‌లో వచ్చేంత జీతం మొదటి రోజునే వస్తుందని నేను చెప్పను. కాని దారులు పెరిగాయి. స్టాక్ మార్కెట్లో నమోదైన మొదటి 1000 పెద్ద కంపెనీలు ఎంత నీరు, ఎంత కరెంటు వాడాయో, ఎంత వ్యర్థం వదిలాయో ఏటా నివేదిక ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఆ నివేదికలు రాసేవారు కావాలి. పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కావాలంటే 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం అధ్యయనం జరగాలి. మందుల ఫ్యాక్టరీలకు, ఆస్పత్రులకు, పెద్ద అపార్టుమెంట్ల మురుగు శుద్ధి కేంద్రాలకు ఈ చదువు చదివినవారి అవసరం ఉంది.

"ఆడపిల్ల చెరువుల వెంట, ఫ్యాక్టరీల వెంట తిరగాలా?" అన్నది రెండో సందేహం. ఇందులో ప్రయోగశాల పని ఉంది, పటాల పని ఉంది, నివేదికల పని ఉంది, బోధన ఉంది. బయటికి వెళ్ళవలసిన రోజుల్లో హయా కాపాడుకుంటూ పనిచేసే డాక్టరమ్మలు మన మధ్య లేరా? ఎండాకాలంలో బిందెతో ట్యాంకరు దగ్గర తోసుకుంటున్నది మన తల్లులు, చెల్లెళ్ళే. నీటి బాధ తెలిసినవారికి ఆ విద్య వద్దనడం న్యాయమా?

"పెళ్ళి సంబంధాల్లో ఏమని చెప్పుకోవాలి?" అని కూడా అడుగుతారు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో ఉన్న మొక్కను నాటమన్న ప్రవక్త (స) ఉమ్మత్ మనది. ఆ ప్రవక్త నేర్పిన పనినే మా అమ్మాయి చదివిందని ధైర్యంగా చెప్పుకోండి.

అందరూ ఇటే రావాలని నేను కోరడం లేదు. మహల్లాకు ఒక్కరు చాలు. మస్జిదు కమిటీలు, జకాత్ సంస్థలు వేతనాలిచ్చేటప్పుడు ఇంజనీరింగు, వైద్యం పక్కన ఈ చదువును కూడా చేర్చాలి. రంజాన్ తర్వాత, ప్రవేశ పరీక్షల వేళ, నాలాంటి ఉస్తాదులు ఒక్క ఖుత్బాలోనైనా దీన్ని ప్రస్తావించాలి. బిడ్డ ఈ చదువు అడిగితే కాదనే ముందు తల్లిదండ్రులు ఒక్కసారి తమ ఇంటి బోరును, వీధి నాలాను చూసి ఆలోచించాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్య డిప్లొమాకు దరఖాస్తు పంపింది. ఈసారి కూడా వాళ్ళ నాన్న నా దగ్గరికి వచ్చి, "ఏమంటారు మౌలానా?" అని అడిగాడు. "మొదటిసారి నేను తప్పు చెప్పాను భాయ్, చదవనివ్వండి" అన్నాను.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆయన అప్పగించిన భూమికి, నీటికి లెక్క చెప్పగల శక్తిని మనందరికీ ఇచ్చుగాక! ఆమీన్.