తాకట్టు పడుతున్న ఫోను నంబర్లు

చిక్కబళ్ళాపురం జిల్లా పల్లెల్లో కొడుకు వాడి విడిచిన ఫోను తండ్రి చేతికి రావడం మామూలే. బాగేపల్లి ఇంటి ఫోనులో హిందూపురం వియ్యంకుల నంబరు, చింతామణి రైతు ఫోనులో మదనపల్లె మండీ నంబరు ఉంటాయి. అప్పు యాప్‌లకు అసలు తాకట్టు ఈ నంబర్లే.

2020లో తెలంగాణలో కంతు తప్పినవారి బంధువులకు ఫోన్లు చేసి పరువు తీశారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు యాప్‌లు కాంటాక్టుల జోలికి పోరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. దొంగ యాప్‌కు ఆ ఆదేశం ఒక లెక్కా? బలవంతపు వసూళ్లపై కర్ణాటక 2025లో తెచ్చిన చట్టం కూడా వేధింపు మొదలైన తర్వాతే అక్కరకు వచ్చేది.

కనుక కాపలా ఫోనులోనే ఉండాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6, ఆపై రకాలలో సెట్టింగ్స్‌లోని యాప్స్ తెరచి, పర్మిషన్స్‌లో కాంటాక్ట్స్, ఎస్సెమ్మెస్, లొకేషన్ వంటివి విడివిడిగా నిరాకరించవచ్చు. అయితే యాప్ అప్పటికే నకలు చేసుకొన్న నంబర్లు అనుమతి రద్దు చేసినా, యాప్ తీసివేసినా వెనక్కి రావు. అంతకన్నా పాత ఫోన్లలో ఈ వెసులుబాటే లేదు. యాప్ ఎక్కించుకోవడమంటే అడిగినవన్నీ ఇచ్చివేయడమే. అటువంటి ఫోనులో అప్పు యాప్ అసలు ఎక్కించరాదు.