పది సెకన్ల వేగం – పగ్గం ఎవరి చేతిలో?

కఠోపనిషత్తు ప్రథమాధ్యాయంలోని తృతీయవల్లి జీవుని సంసారయాత్రను రథప్రయాణంతో పోల్చింది. శరీరం రథమని, జీవాత్మ అందులోని రథికుడని, బుద్ధి సారథి అని, మనస్సు పగ్గమని, ఇంద్రియాలు గుఱ్ఱాలని అక్కడి ఉపదేశం. ఈ దృష్టాంతం ఎరుగని సాధకుడు అరుదు. అయితే దానిని ఉపదేశించినది ఎవరన్న సంగతి తరచు మరపునకు వస్తుంది. ఉపదేష్ట సాక్షాత్తు యమధర్మరాజు. రథం అదుపు తప్పితే ఏమవుతుందో ఆయన కంటె బాగా ఎరిగినవారు లేరు. నేటి విద్యుద్రథాల విషయంలో ఇది ప్రత్యేకంగా స్మరణీయం.

ఖరీదైన విద్యుత్ కార్లలో ఇప్పుడు రెండు సదుపాయాలు ప్రధానాకర్షణలుగా ఉన్నాయి. మొదటిది డ్రైవింగ్ మోడ్. ఉదాహరణకు పోర్షే టైకాన్‌లో రేంజ్, నార్మల్, స్పోర్ట్, స్పోర్ట్ ప్లస్ అనే మోడ్‌లు ఉంటాయి. బ్యాటరీ అదే, మోటార్లు అవే. కాని యాక్సిలరేటర్‌కు కారు స్పందించే తీరు, సస్పెన్షన్ బిగువు, శక్తివ్యయం మోడ్‌ను బట్టి మారుతాయి. రెండవది బూస్ట్. జెనెసిస్ జీవీ60 పర్ఫార్మెన్స్ కారులో స్టీరింగ్ మీది మీట నొక్కితే 429గా ఉన్న అశ్వశక్తి 10 సెకన్ల పాటు 483కు పెరుగుతుంది. 2024లో నవీకరించిన టైకాన్‌లో స్పోర్ట్ క్రోనో ప్యాకేజీ ఉన్నప్పుడు 10 సెకన్ల పాటు గరిష్ఠంగా 70 కిలోవాట్ల అదనపు శక్తి లభిస్తుంది. అత్యున్నతశ్రేణి అయిన టర్బో జీటీలో అది 120 కిలోవాట్ల వరకు ఉంటుంది.

మోడ్‌లను చూడగానే త్రిగుణాలు స్ఫురించడం సహజం. నెమ్మదైనది సత్త్వమని, ఉరికేది రజస్సని విభజించి తృప్తిపడవచ్చు. కాని ఆ విభజన నిలువదు. గుణం ఉండేది మీటలో కాదు, దానిని నొక్కే సంకల్పంలో. రెండు వరుసల రహదారి మీద లారీని దాటవలసి వచ్చినప్పుడు, ఎదురుగా దారి నిర్మలంగా ఉన్నదని చూసుకొని, ఎదుటి వరుసలో ఉండే కాలాన్ని తగ్గించుకోవడానికి ఆ అదనపు శక్తిని వాడినవాడు వివేకి. పక్క కారువాడు దాటిపోయాడన్న రోషంతో అదే మీట నొక్కినవాడు అవివేకి. యంత్రం ఇద్దరికీ ఒకే విధంగా విధేయం. కనుక బూస్ట్ పాపమని గాని, మందగమనమే పుణ్యమని గాని చెప్పడం శాస్త్రసమ్మతం కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ బలం 10 సెకన్లకే ఎందుకు పరిమితం? అధికవిద్యుత్తు ప్రవహించినప్పుడు బ్యాటరీలో, మోటారు తీగచుట్టలలో, విద్యుత్తును మార్చి అందించే ఇన్వర్టర్‌లో తాపం పెరుగుతుంది. అది హద్దు దాటితే ఆ భాగాలు చెడిపోతాయి. అందువల్ల నిర్మాతలే ఒక నియమం విధించారు. గడువు తీరగానే యంత్రం తన బలాన్ని తానే ఉపసంహరించుకుంటుంది. తన తాపాన్ని తాను ఎరిగి ఆగగల నేర్పు జడమైన యంత్రానికి అమర్చారు. చేతనుడైన మనిషి కామక్రోధాలకు మాత్రం అటువంటి గడియారం ఏదీ బిగించి లేదు. ఆ పని అతని బుద్ధికే అప్పగించబడింది. ఇదే ఈ విషయంలోని సారాంశం.

ఆ అప్పగింత ఎంత గురుతరమో గణితం చెబుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు, 10 సెకన్లలో దాదాపు 278 మీటర్లు సాగుతుంది. వేగం 80 నుండి 120కి పెరిగితే అది ఒకటిన్నర రెట్లే, కాని గతిశక్తి రెండుంబావు రెట్లవుతుంది. ఈ కార్లు రెండు టన్నులకు పైబడిన బరువు గలవి. పైగా వీటికి ఇంజను హోరు లేదు. వేగం పెరుగుతున్నదని చెవికి చెప్పే హెచ్చరిక చాలావరకు తొలగిపోయింది. హైదరాబాదు బాహ్యవలయ రహదారి మీద గరిష్ఠ వేగపరిమితి 120 కిలోమీటర్లు. ఆ పరిమితిని చేరుకోవడానికి ఈ కార్లలో దేనికీ బూస్ట్ అక్కరలేదు. అక్కడ ఆ మీట నొక్కడమంటే చాలాసార్లు పరిమితిని ఉల్లంఘించడానికే. దాని ఫలం నొక్కినవానితో ఆగదు. రోడ్డు పక్కన పంక్చరైన బండిని సరిచేసుకుంటున్న నిరపరాధి కూడా దానిని అనుభవిస్తాడు. అహింసను వ్రతంగా చెప్పుకునేవారు దీనిని హింసాశంక లేని వినోదమనుకోరాదు.

ఈ శక్తి చుట్టూ వాణిజ్యం కూడా పెరిగింది. 2022 నవంబరులో మెర్సిడెస్-బెంజ్ అమెరికాలోని కొన్ని ఈక్యూఈ, ఈక్యూఎస్ కార్లకు సంవత్సరానికి 1,200 డాలర్ల చందాతో అదనపు త్వరణాన్ని ప్రకటించింది. కారులో కొత్త భాగమేదీ అమర్చరు. ఉన్న మోటార్లలోని బలాన్నే సాఫ్ట్‌వేర్ విడుదల చేస్తుంది. ఫలితంగా గంటకు 60 మైళ్ళ వేగాన్ని చేరుకునే కాలం దాదాపు ఒక సెకను తగ్గుతుంది. ఉన్నదే మరుగున ఉండి, తెర తొలగగానే వెలికివచ్చింది గనుక ఇది వేదాంతంలోని దశమపురుషుని కథ వంటిదని చమత్కరించవచ్చు. పోలిక అంతటితో సరి. దశముణ్ణి ఎవరూ దాచలేదు, చూపినవాడు రుసుము అడగలేదు. తానే దశముడని తెలిసినవాని వెదకులాట తీరింది. చందా కట్టినవాని వెదకులాట మాత్రం అప్పుడే మొదలవుతుంది. ఏడాదికోసారి రొక్కమిచ్చి ప్రతి ఉరుకులో మిగిల్చుకున్న ఆ సెకనుపాటి కాలంలో అతడు ఏ నామాన్ని స్మరిస్తున్నాడో ఆలోచించుకోవలసినది అతడే.

నిజానికి ఈ కార్లలో ప్రశంసకు పాత్రమైన సామర్థ్యం వేరే ఉన్నది. వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, వృథాగా వేడిగా పోవలసిన గతిశక్తిని విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి చేరుస్తుంది. 2024 టైకాన్ ఈ విధంగా గరిష్ఠంగా 400 కిలోవాట్ల వరకు తిరిగి గ్రహించగలదు. మీట నొక్కితే అదనంగా వచ్చేది 70, నిగ్రహిస్తే మరలి రాగలది 400. పతంజలి చెప్పిన అష్టాంగాలలో ఐదవదైన ప్రత్యాహారానికి ఇంతకంటె చక్కని ఆధునిక దృష్టాంతం దొరకదు. బహిర్ముఖమైన శక్తిని వెనుకకు మరల్చడం నష్టం కాదు, సంపాదన. ప్రచారచిత్రాలలో ఉరుకే కనబడుతుంది గాని ఈ మరలింపు కనబడదు.

కొత్త కారు కొన్నవారు ఆంజనేయస్వామి ఆలయాల ముంగిట వాహనపూజ చేయించుకోవడం తెలుగునాట స్థిరపడిన ఆచారం. పసుపు కుంకుమలు దిద్దుతారు, కొబ్బరికాయ కొడతారు, చక్రాల క్రింద నిమ్మకాయలు ఉంచి కారును ముందుకు నడుపుతారు. ఆ ఆచారం మంగళకరమే. కాని పూజను ప్రమాదబీమాగా భావించి, ఆలయవీధి దాటగానే స్పోర్ట్ ప్లస్‌కు మారితే అది దేవునితో బేరమే అవుతుంది. పూజలో సంకల్పం ప్రధానం. క్షేమస్థైర్యాలను కోరే ఆ సంకల్పంలోనే యజమాని మరొక మాట కలుపుకోవాలి: పరుల ప్రాణం పణంగా ఈ బలాన్ని వాడనని. ఆ మాట లేనిదే కోరిన రక్షణకు అర్హత చాలదు. ఆంజనేయుడు సముద్రాన్ని లంఘించినది స్వామికార్యం కోసమే గాని, లంఘించగలనని చూపడానికి కాదు.

రథం మారింది, గుఱ్ఱాల స్థానంలో అశ్వశక్తి వచ్చింది. పగ్గం మాత్రం నాటిదే. దానిని పట్టవలసినది బుద్ధియే.

స్వస్తి.