రాత్రి రెండున్నరకి అలారం పెట్టుకుని ఆడే ఆటా ఇది?

ముందే ఒప్పేసుకుంటున్నా. పోయిన సెమిస్టర్ రెండో మిడ్స్ అప్పుడు వరసగా మూడు రాత్రులు రెండున్నరకి అలారం పెట్టుకుని లేచాను. చదవడానికి కాదు, ఫోన్లో ఒక డంజన్ గేమ్ కోసం. నేను పడుకున్నా అందులో నా హీరోలు రాక్షసుల్ని కొడుతూనే ఉంటారు, గోల్డ్ పోగవుతూనే ఉంటుంది. కాకపోతే నాలుగు గంటలకి పెట్టె నిండిపోతుంది, ఆ తర్వాత వచ్చేదంతా వృథా. పదిన్నరకి పడుకుంటే రెండున్నరకి నిండుతుంది కదా! ఆ వృథా తట్టుకోలేక లేచి, పెట్టె ఖాళీ చేసి, రెండు అప్‌గ్రేడ్లు కొని మళ్ళీ ముసుగు తన్నేవాణ్ణి. మూడోరోజు థర్మో పేపర్లో కార్నో ఎఫిషియెన్సీ లెక్కకి టెంపరేచర్లు కెల్విన్‌లోకి మార్చకుండా సెల్సియస్‌లోనే వేసి వచ్చాను. ఎన్ని మార్కులొచ్చాయో అడక్కండి.

మా రూమ్మేట్ ఒకటే మాటన్నాడు. "మామా, నువ్వు గేమ్ ఆడట్లేదురా. గేమే నీతో నైట్ డ్యూటీ చేయిస్తోంది."

కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే వాడు కరెక్టే అనిపించింది. ఇప్పుడు "కాబట్టి ఫ్రెండ్స్, గేమ్స్ ఆడకండి" అని చెప్తానేమో అని పేజీ మూసేయకండి. ఆ మాట చెప్పడానికి ఇంట్లోవాళ్ళున్నారు, హెచ్‌ఓడీ ఉన్నారు. నేననేది వేరే. మన హాస్టల్లో ఐడిల్ గేమ్స్ ఆడేవాళ్ళలో చాలామంది వాటిని చెత్తగా ఆడుతున్నారు. నేనైతే మరీ చెత్తగా ఆడాను. ఈ జాతి ఆటల్లో ఫోన్‌కి అతుక్కుపోయినవాడు గొప్ప ప్లేయర్ కాదు. ఎక్కువ ఆడితే ఎక్కువ ముందుకెళ్తాం అనే నమ్మకం క్రికెట్‌కి పనికొస్తుందేమో కానీ ఇక్కడ పనికిరాదు. ఎందుకో లెక్కేసి చూపిస్తాను. ఇంజినీరింగ్ చదువుతున్నాం, ఆ మాత్రం లెక్క భరించండి.

ముందు కొంచెం చరిత్ర. 2002లో ప్రోగ్రెస్ క్వెస్ట్ అని ఒక గేమ్ వచ్చింది. ఎరిక్ ఫ్రెడ్రిక్సెన్ అనే ఆయన, అప్పట్లో జనం గంటలు గంటలు ఆడుతున్న ఎవర్‌క్వెస్ట్ లాంటి ఆటల్ని వెక్కిరించడానికి చేశాడు. క్యారెక్టర్ తయారుచేసి వదిలేస్తే అంతే, ఇక మన పని లేదు. అదే యుద్ధాలు చేసుకుంటుంది, అదే లెవెల్స్ ఎక్కుతుంది. 2010లో ఇయాన్ బోగోస్ట్ ఫేస్‌బుక్ ఆటల మీద విసుగుతో కౌ క్లికర్ చేశాడు. ఆరు గంటలకోసారి ఆవు మీద నొక్కాలి, అంతే ఆట. అదీ వెటకారమే, కానీ జనం సీరియస్‌గా నొక్కారు. చివరికి 2011లో ఆయన ఆవుల్ని మాయం చేసేస్తే ఖాళీ చోటు మీద కూడా నొక్కినవాళ్ళున్నారు! 2013లో కుకీ క్లికర్ వచ్చాక ఇక జోకు జోకుగా మిగల్లేదు. అలా ఎగతాళిగా మొదలైన వంశం ఇది. రాత్రి రెండున్నరకి నేను లేచింది ఎవరో ఎప్పుడో వేసిన జోకుకి.

సరే, అసలు విషయానికొద్దాం. ఉదాహరణకి క్లికర్ హీరోస్ తీసుకుంటాను. 2014లో వచ్చింది, ఫ్రీ, ఫోన్లోనూ దొరుకుతుంది. పైగా దీని లోపలి లెక్కలు ఆటగాళ్ళు ఎప్పుడో తవ్వి బయటపెట్టేశారు. ఒక్కో జోన్‌లో పది రాక్షసుల్ని చంపితే తర్వాతి జోన్. ప్రతి ఐదో జోన్‌లో ఒక బాస్, వాణ్ణి 30 సెకన్లలో చంపాలి. చంపితే గోల్డ్ వస్తుంది, దాంతో హీరోల లెవెల్స్ కొనాలి.

లెక్క ఇక్కడ మొదలవుతుంది. హీరోకి ఒక లెవెల్ పెంచిన ప్రతిసారీ తర్వాతి లెవెల్ ధర 7 శాతం పెరుగుతుంది. ఏడు శాతమే కదా అనిపిస్తుంది. కానీ 25 లెవెల్స్ కొనేసరికి ధర సుమారు 5.4 రెట్లు అవుతుంది. 200 లెవెల్ దాటిన హీరోకి ప్రతి 25 లెవెల్స్‌కీ దెబ్బ 4 రెట్లు పెరుగుతుంది. ధరేమో 5.4, దెబ్బేమో 4. తేడా గమనించారా?

అటువైపు రాక్షసుల ప్రాణం మొదటి వంద పైచిలుకు జోన్లలో జోన్‌కి సుమారు 1.55 రెట్లు చొప్పున పెరుగుతుంది. అంటే ఐదు జోన్లు దాటేసరికి దాదాపు 9 రెట్లు. వాళ్ళని చంపితే వచ్చే గోల్డ్ కూడా అదే లెక్కన 9 రెట్లు వస్తుంది. బాగానే ఉంది కదా అనుకుంటాం. కానీ 9 రెట్లు గోల్డ్ పెట్టి హీరోని పెంచితే దెబ్బ పెరిగేది 6 రెట్లే. రాక్షసుడు 9, మనం 6. అంటే ప్రతి ఐదు జోన్లకీ ఒక్కో రాక్షసుడు చావడానికి పట్టే టైమ్ ఒకటిన్నర రెట్లవుతుంది. ఇంకో ఐదు జోన్లకి దాని మీద మళ్ళీ ఒకటిన్నర. కాసేపటికి బాస్ దగ్గర 30 సెకన్లూ అయిపోతాయి, వాడికి ఇంకా సగం ప్రాణం ఉంటుంది. అదే గోడ.

మనం చేసే తప్పంతా ఈ గోడ దగ్గరే. ఇంకాస్త గోల్డ్ వస్తే దాటేస్తాను అనుకుని అక్కడే కూర్చుంటాం. అలారాలు పెట్టుకుంటాం. గోడ మన బద్ధకం వల్ల రాలేదు, ఆ 9కీ 6కీ మధ్య తేడా వల్ల వచ్చింది. రాత్రంతా మేలుకున్నా ఆ తేడా అలాగే ఉంటుంది. మహా అయితే ఇంకో బాస్ పడతాడు, వాడి వెనక గోడ ఇంకా ఎత్తుగా ఉంటుంది.

మరేం చెయ్యాలి? వెనక్కి వెళ్ళాలి, మొత్తం సున్నాకి. దీన్ని ఆటలో అసెన్షన్ అంటారు. హీరోలు పోతారు, గోల్డ్ పోతుంది, జోన్ 1 నుంచి మళ్ళీ మొదలు. బదులుగా జోన్ 100 నుంచి కొందరు బాసుల దగ్గర దొరికే హీరో సోల్స్ చేతికొస్తాయి. ఖర్చు పెట్టకుండా ఉంచుకున్న ఒక్కో సోల్‌కి దెబ్బ 10 శాతం పెరుగుతుంది. మన వైకుంఠపాళిలో పైన పరమపదం ముందు పెద్దపాము ఉంటుంది చూశారూ, దాని నోట్లో పడితే సరాసరి కిందికి. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర ఆ పాము కరిస్తే గవ్వలు విసిరికొట్టి ఏడ్చినవాణ్ణి నేను. ఇక్కడ ఆ పాము నోట్లోకి మనంతట మనమే దూకాలి, అదీ సరైన టైమ్‌కి. మొదటిసారి ఆ బటన్ నొక్కడానికి నాకు రెండు రోజులు పట్టింది. నొక్కాక, అంతకుముందు వారం పట్టిన దూరం ఒక సాయంత్రంలో వచ్చేసింది.

సరైన టైమ్ ఏది అన్నది అసలు ప్రశ్న. దానికి సమాధానం గేమర్ల కంటే ముందు ఒక జీవశాస్త్రవేత్త చెప్పాడు. 1976లో ఎరిక్ చార్నోవ్ ఒక సిద్ధాంతం రాశాడు. పిట్ట ఒక పొద దగ్గర పురుగులు ఏరుకుంటోంది. తినేకొద్దీ పురుగులు తగ్గిపోతుంటాయి. అది ఎప్పుడు ఎగిరిపోవాలి? పురుగులు పూర్తిగా అయిపోయాక కాదు. ఇప్పుడు దొరుకుతున్న రేటు, ప్రయాణం టైమ్ కూడా కలుపుకుని వచ్చే మొత్తం సగటు కన్నా తగ్గిన క్షణంలో. మన ఆటకీ ఇదే సూత్రం. ఆట మొదలెట్టి రెండు గంటల్లో 40 సోల్స్ వచ్చాయనుకోండి, గంటకి 20. తర్వాతి అరగంటలో ఐదే వచ్చాయంటే రేటు గంటకి పదికి పడిపోయింది. ఇక ఆ అరగంట అక్కడ ఉండాల్సింది కాదు, దూకెయ్యాల్సింది. నోట్‌బుక్ వెనక పేజీలో నాలుగు అంకెలు రాసుకుంటే సరిపోతుంది. నేనైతే థర్మో నోట్స్ వెనకాలే రాశాను, అదో పాపపరిహారం అనుకోండి.

ఇంకో సంగతి. ఈ గేమ్‌లో సోల్స్ పెట్టి కొనే ఏన్షెంట్స్ అని ఉంటారు. వాళ్ళలో సియాలాటస్, లిబర్టాస్ ఇద్దరూ మీరు స్క్రీన్ ముట్టుకోకుండా ఉంటేనే పనిచేస్తారు. ఒకరు దెబ్బ పెంచుతారు, ఇంకొకరు గోల్డ్ పెంచుతారు. చెయ్యి ఊరుకోక టకటకా నొక్కారా, ఆ బోనస్ ఆగిపోతుంది. వాళ్ళ మీద సోల్స్ పెట్టి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేవాడే ఇక్కడ తెలివైనవాడు.

ఇక డబ్బు సంగతి. ఇది రాయాలా వద్దా అనుకున్నాను. నేను 449 రూపాయలు పెట్టాను. క్లికర్ హీరోస్‌లో కాదు, ఆ అలారం గేమ్‌లో. పేరు అనవసరం. "మీ దెబ్బ ఎప్పటికీ 2 రెట్లు" అన్న ప్యాక్, పక్కన ఎర్రంకెల్లో టైమర్ తిరుగుతోంది. అమ్మ ఫోన్‌పే చేసిన మెస్ డబ్బుల్లోంచి కొట్టేశాను. ఎప్పటికీ 2 రెట్లు అంటే ఎంత గొప్పగా ఉంది! ఇప్పుడు పైన చెప్పిన లెక్కలోకి దాన్ని దించి చూడండి. రాక్షసులు జోన్‌కి 1.55 రెట్లు పెరిగేచోట 2 రెట్ల దెబ్బ అంటే అప్పటికప్పుడు ఎన్ని జోన్లు? లాగ్ వేసి చూస్తే 1.6. రెండు జోన్లు కూడా కాదు! ఆ జోన్లలో వచ్చిన గోల్డ్ మళ్ళీ మళ్ళీ హీరోల మీద పెట్టుకుంటూ పోయినా తొమ్మిది దగ్గర ఆగిపోతాం, మళ్ళీ అదే గోడ. మొదటి పది సోల్స్ చేతికొస్తే ఇదే 2 రెట్లు ఉచితంగా వస్తుంది. అంకెలు ఇంత వేగంగా ఉబ్బే ప్రపంచంలో "2 రెట్లు" అనేది పెద్ద మాటలా వినిపించే చిన్న సరుకు. మన బుర్ర ఇంకా కూరగాయల మార్కెట్ లెక్కలోనే ఉంటుంది, పది కోట్ల కోట్ల గోల్డ్ దగ్గర కూడా. అమ్మేవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

యాడ్స్ కూడా అంతే. పొద్దున్నే రాత్రి గోల్డ్‌ని రెట్టింపు చేసే ఒక్క యాడ్ చూడండి, తప్పులేదు. మిగతావి వదిలెయ్యండి. రోజుకి 30 సెకన్ల యాడ్స్ ఇరవై చూస్తే పది నిమిషాలు. 120 రోజుల సెమిస్టర్‌కి 20 గంటలు. ఏ సబ్జెక్ట్‌కైనా రెండు యూనిట్లు అయిపోతాయి.

అమ్మేవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. క్లికర్ హీరోస్ తీసిన ప్లేసారస్ కంపెనీ 2017లో ఒక ప్రకటన చేసింది. దాని రెండో భాగాన్ని ఫ్రీగా ఇచ్చి లోపల వస్తువులమ్మే పద్ధతి వద్దు, ఒకే ధరకి అమ్ముతాం అని. మొదటి భాగంలో కొందరు వేల డాలర్లు పెట్టడం చూశామనీ, వ్యసనం మీద సంపాదించడం తమకి ఇష్టం లేదనీ కారణం చెప్పారు. వాళ్ళే చెప్పాక నా 449కి కొంచెం ఓదార్పు దొరికింది.

ఇది చదివి మా క్లబ్‌లో ఒకమ్మాయి అడిగింది, "ఇంత లెక్కేసి ఆడితే ఇంక మజా ఏముంది?" అని. న్యాయమైన ప్రశ్నే. నాకైతే మజా ఇప్పుడే మొదలైంది. ఇంతకుముందు పెట్టె నిండిపోతుందేమో అన్న భయం తప్ప ఏమీ ఉండేది కాదు. దాన్ని ఆట అనలేం, పాలు పొంగిపోతాయేమో అని పొయ్యి దగ్గర కాపలా అనాలి. ఇప్పుడు రోజుకి రెండుసార్లు తెరుస్తాను, పొద్దున బ్రష్ చేస్తూ ఒకసారి, మెస్ లైన్లో ఒకసారి. ఉన్న గోల్డ్ మొత్తం ఖర్చు పెట్టేసి మూసేస్తాను, ఎందుకంటే కూడబెట్టిన గోల్డ్ హీరోల చేతిలో ఉంటేనే పనిచేస్తుంది. దూకాలా వద్దా అని ఒక్క నిర్ణయం, వెనక పేజీలో ఒక అంకె. పెట్టె రాత్రి నిండిపోతుంది, నిండనివ్వండి. నాలుగు గంటల గోల్డ్ పోతే పోయేది రెండు జోన్లు కూడా కాదని లెక్క తెలిశాక నిద్ర బాగా పడుతోంది.

రూమ్మేట్ కూడా ఈ మధ్యే ఇన్‌స్టాల్ చేశాడు. జోన్ 135 బాస్ దగ్గర నాలుగు రోజులుగా కూర్చున్నాడు. "దూకెయ్ మామా" అంటే "ఇంకొక్క లెవెల్" అంటున్నాడు. గట్టిగా చెప్పే నైతిక హక్కు నాకు లేదు. ఆ నెల మెస్ బిల్లుకి తగ్గిన 449 వాడి దగ్గరే తీసుకున్నాను, ఇంకా ఇవ్వలేదు.