సొత్తు దొరికింది, దొంగ దొరికాడా?

వేయిమంది దోషులు తప్పించుకున్నా సరే, ఒక్క నిర్దోషికి శిక్ష పడరాదన్న మాట మన కాలేజీల వక్తృత్వపు పోటీల్లో ఏటా వినబడుతూనే ఉంటుంది. చప్పట్లు కూడా గట్టిగానే పడతాయి. కాని మరునాడు హాస్టల్లో ఎవరి సెల్‌ఫోనో, పర్సో పోతే మనం మొదట ఎవరి పెట్టె తెరిపిస్తాము? మెస్ బిల్లు బాకీ ఉన్నవాడి పెట్టె. తండా నుంచి వచ్చినవాడి పెట్టె. "వాడు గాక ఇంకెవడు తీస్తడు?" అన్న ప్రశ్నే అక్కడ సాక్ష్యం, అదే తీర్పు. కోర్టుకెక్కే దొంగతనం కేసుల్లో కూడా ఈ ప్రశ్నతో మొదలై, ఈ ప్రశ్నతోనే ముగిసేవి ఉన్నాయి. అదీ నా బాధ.

నేను ఈ విద్యాలయంలో చదువుకొని, నల్గొండ, పాలమూరు కోర్టుల మెట్లెక్కి దిగుతున్న వకీలును. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దొంగతనం కేసులో శిక్ష పడ్డ మనిషి పై కోర్టుకు వెళ్లి "నా మీద ఉన్న సాక్ష్యం చాలదు" అని వాదించడం తప్పించుకునే ఎత్తుగడ అని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం పొరపాటు. అది న్యాయాన్ని రెండోసారి తూకం వేయించుకునే హక్కు. ఆ తూకం సరిగ్గా జరగకపోతే నష్టపోయేది ఎక్కువగా మన కరువు నేలల్లోని పేదవాడే.

మన సామెతలనే చూడండి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని నవ్వుకుంటాము. నిప్పు లేనిదే పొగ రాదంటాము. సామెతగా బాగానే ఉంటుంది. కాని ఠాణాలో నిలబెట్టి గద్దిస్తే తడుముకోని భుజాలు ఎన్ని ఉంటాయి? బొంబాయిలో మట్టిపనికి పోయి నాలుగు నెలలకు ఊరు చేరిన పాలమూరు కూలీ, ఎస్సైగారిని చూసి చెమటలు కక్కితే అది భయం. నేరానికి రుజువు కాదు. అనుమానం ఎంత బలమైనదైనా రుజువు స్థానంలో కూర్చోజాలదన్నది మన కోర్టులు పదే పదే చెప్పిన సూత్రం.

ఈ అనుమానానికి చరిత్ర కూడా ఉంది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చి, కొన్ని కులాల్లో పుట్టినవారందరినీ పుట్టుకతోనే దొంగలుగా దస్త్రాలకెక్కించింది. గుంటూరు ప్రాంతపు స్టువార్టుపురం ఆ చట్టం కిందనే వెలసిన సెటిల్మెంటు. అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన వేసిన విచారణ సంఘం సిఫారసు తరువాత, 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గాని చూపు పోలేదు. ముద్దాయి గత చెడు ప్రవర్తనను అతని మీద సాక్ష్యంగా వాడరాదని సాక్ష్య చట్టమే చెబుతుంది. అతడు తన మంచి నడవడిని తానే సాక్ష్యంగా తెస్తే తప్ప ఆ ప్రస్తావన రాకూడదు. ఆ చట్టానికే తెలిసిన నీతి ఊరి రచ్చకట్టకు ఇంకా తెలియవలసి ఉంది.

ఇంతకూ ఒక దొంగతనం కేసు కాగితాల్లో ఏముంటుంది? ఒక ఫిర్యాదు, నేరస్థలం పంచనామా, అరెస్టు, ఆ పైన ముద్దాయి ఒప్పుకున్నాడని రాసిన మరో పంచనామా, దాని వెంట స్వాధీనం చేసుకున్న సొత్తు. కళ్లారా చూసిన సాక్షి ఉండడం అరుదు. పంచులు కోర్టుకొచ్చి "మాకేం తెల్వదు సార్, ఠాణాల సంతకం పెట్టుమంటె పెట్టినం" అంటారు. ఇక మిగిలేది దర్యాప్తు అధికారి మాట. పంచులు ఎదురు తిరిగినంత మాత్రాన కేసు పడిపోదు. ఆ అధికారి మాట నమ్మదగినదైతే కోర్టు దానిని తీసుకోవచ్చు. నమ్మదగినదేనా అని గుచ్చి గుచ్చి చూడడమే అప్పీలు పని.

మొదట చూడవలసింది ఒప్పుకోలు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం ముద్దాయి మీద రుజువుగా చెల్లదు. అతడు చెప్పినందువల్ల ఏదైనా కొత్త సంగతి బయటపడితే, ఆ సంగతికి సంబంధించినంత మేరకే ఆ మాట చెల్లుతుంది. ఈ గీత ఎక్కడ గీయాలో తేల్చిన తీర్పు మన తెలుగు నేల నుంచి వెళ్లిందే. మద్రాసు హైకోర్టు దాటి ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి, 1947 రిపోర్టుల్లో అచ్చయిన పులుకూరి కొట్టయ్య కేసు. అది హత్య కేసు అయినా సూత్రం దొంగతనానికీ వర్తిస్తుంది. "నేను దొంగిలించి గడ్డివాములో దాచిన బిందె చూపిస్తా" అని ముద్దాయి అన్నాడనుకుందాం. అక్కడ బిందె దొరికితే, గడ్డివాములో బిందె ఉన్న సంగతి అతనికి తెలుసునన్నంత వరకే రుజువైంది. "దొంగిలించి" అన్న ముక్కను చదవరాదు. కింది కోర్టు ఆ ముక్కను కూడా కలిపి చదివిందా లేదా అన్నది అప్పీలులో అడగవలసిన మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న, ఆ గడ్డివాము ఎవరిది? 1954 రిపోర్టుల్లో త్రింబక్ కేసు ఉంది. నగలు ఒక పొలంలో దొరికాయి. ఆ పొలం నలుగురూ తిరిగే బహిరంగ స్థలం. అలాంటిచోట దొరికిన సొత్తు ముద్దాయి స్వాధీనంలోనే ఉందని చెప్పడం కష్టమని సుప్రీంకోర్టు అన్నది. మన దగ్గర పోయే సొత్తేమిటి? బోరుబావి మోటారు, ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి తీగ, మేకలు, గొర్రెలు. దొరికే చోటేమిటి? వాగు ఒడ్డు, కంపచెట్ల చాటు, పాడుబడ్డ కొట్టం. అక్కడికి ఎవరైనా పోవచ్చు, ఏదైనా పారేయవచ్చు.

మూడో ప్రశ్న, దొరికిన సొత్తు పోయిన సొత్తేనా? నల్లగొర్రె నల్లగొర్రెలాగే ఉంటుంది. రాగి తీగకు పేరుండదు. ఫిర్యాదులో చెప్పని గుర్తు కోర్టులో హఠాత్తుగా గుర్తుకొస్తే అనుమానించక తప్పదు. నాలుగోది కాలం. కొద్దిరోజుల్లోనే దొంగసొత్తుతో పట్టుబడి, అది తనకెలా వచ్చిందో చెప్పలేనివాడు దొంగో, తెలిసి కొన్నవాడో అని కోర్టు ఊహించవచ్చు. ఎంతకాలం గడిస్తే ఆ ఊహ బలహీనపడుతుందన్నది సొత్తును బట్టి ఉంటుంది. చేతులు త్వరగా మారే వస్తువైతే కొద్ది నెలలు కూడా ఎక్కువే కావచ్చు.

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. శిక్షాస్మృతి 379 సెక్షను స్థానంలో భారతీయ న్యాయ సంహిత 303 వచ్చింది. మొదటిసారి శిక్షపడినవాడు, 5,000 రూపాయలకు లోబడిన సొత్తు తిరిగి ఇచ్చేస్తే, జైలు బదులు సమాజ సేవ శిక్షగా వేస్తారు. సోదా, జప్తు జరిగేటప్పుడు దృశ్యాన్నీ శబ్దాన్నీ రికార్డు చేయాలన్న నిబంధన కూడా చేరింది. ఇక ముందు అప్పీలు వాదించే యువ న్యాయవాది మొట్టమొదట "ఆ రికార్డు ఏది?" అని అడగాలి.

"అట్లయితే దొంగలందరూ దొరలై తిరుగుతారు గదా!" అంటారు పెద్దలు. ఉన్న ఒక్క జత ఎడ్లు పోగొట్టుకున్న రైతు కన్నీళ్లు నేను చూశాను. ఆ మాటను కొట్టిపారేయలేను. కాని సాక్ష్యం చాలనివాణ్ణి లోపల వేసినంత మాత్రాన ఎడ్లు రావు. అసలు దొంగ బయటే ఉంటాడు, కేసు మాత్రం మూతపడుతుంది. రైతుకు మేలు చేసేది మంచి దర్యాప్తు. చాలని సాక్ష్యాన్ని కోర్టులు నిలదీసినప్పుడే దర్యాప్తు మెరుగుపడుతుంది.

అప్పీలునే ఇంతగా పట్టుకోవడానికి కారణముంది. మేజిస్ట్రేటు శిక్ష వేస్తే సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. సాక్ష్యాన్ని అక్షరం అక్షరం తిరిగి తూచే అధికారం ఆ కోర్టుకుంది. ఆ తరువాత హైకోర్టుకు రివిజన్ వేయవచ్చు గాని, అక్కడ సాక్ష్యాన్ని మళ్లీ మొదటి నుంచి తూచరు. కనుక పేదవాడికి వాస్తవాలు తేల్చుకునే చివరి గడప జిల్లా కేంద్రంలోనే ఉంది. వకీలు రాలేదని ఆ అప్పీలును కొట్టివేయకూడదనీ, రికార్డు చూసి తీర్పు చెప్పాలనీ 1996లో బానీసింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అప్పీలు తలుపు మూసుకుంటే ఏమవుతుందో నల్గొండకు తెలుసు. సాయుధ పోరాటం నాటి కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్షలు వేశాయి. 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వాటిని ఖాయపరచింది. రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. జనార్దనరెడ్డి వర్సెస్ హైదరాబాదు ప్రభుత్వం కేసులో ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించినా, ఆ తేదీకి ముందు ముగిసిన తీర్పులను విచారించే అధికారం తనకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. చివరకు ఆ ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి గాని, కొద్దివారాల తేడా మనిషి ప్రాణానికి ఎంత దూరమో ఆ కేసు చెబుతుంది.

ఇప్పుడు తలుపు తెరిచే ఉంది. 1978లో హోస్కోట్ కేసులో, జైలుశిక్ష పడ్డవాడికి తీర్పు నకలు ఉచితంగా, వేళకు అందాలనీ, అప్పీలుకు వకీలును ఇవ్వాలనీ జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు. ఆ కేసులో ముద్దాయి విశ్వవిద్యాలయంలో రీడరు, నేరం డిగ్రీ పట్టాల ఫోర్జరీ ప్రయత్నం! చదువుకున్నవాడి కేసులో పుట్టిన హక్కు చదువులేనివాడికి చేరవలసి ఉంది. 1987 చట్టం ప్రకారం దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవారికి న్యాయ సహాయం ఉచితం. జైలులో ఉన్నవాడు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు. ఈ సంగతి తెలియక 30 రోజులు దాటబెట్టుకునేవారు ఉన్నారు.

కనుక విద్యార్థి సంఘానికి నా మనవి ఒక్కటే. ఏటా మనం క్రీడలకు, సాంస్కృతికోత్సవాలకు కమిటీలు వేసుకుంటున్నాం. ఈ ఏడు ఒక న్యాయ సహాయ కమిటీ కూడా వేయండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయి మాట్లాడండి. శిక్షపడిన కుటుంబాన్ని కలిసి "తీర్పు నకలు వచ్చిందా? ఇంకా ఎన్ని రోజులున్నాయి?" అని అడగండి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. దొంగ అన్న ముద్ర ఒకసారి పడితే ఆ ఇంటి పిల్లవాడు ఉద్యోగపు దరఖాస్తు నింపేటప్పుడు కూడా వెంటాడుతుంది. ఆ ముద్ర వేసే ముందు సాక్ష్యం చాలిందా అని అడిగే అలవాటు ముందుగా మన హాస్టల్ గదిలోనే మొదలుకావాలి.