రెండు మందుల కీమో ట్రయల్‌లో చేరే ఆడవాళ్ల తరఫున వినతిపత్రం

గౌరవనీయులైన ఎథిక్స్ కమిటీ అధ్యక్షుల వారికి,
కీమో వార్డు రోగులు, వారి ఇంటివాళ్లు రాసుకుంటున్న విన్నపం.

అయ్యా,

ట్రయల్ వద్దని చెప్పడానికి మేం రాలేదు. 2002లో ఫలితాలు వెలువడిన ఒక ట్రయల్‌లో ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 511 మందిలో కొందరికి డోసిటాక్సెల్ ఒక్కటే ఇచ్చారు, కొందరికి దానితోపాటు కాపెసిటాబిన్ మాత్రలూ ఇచ్చారు. ఒక్క మందు వాడినవాళ్లలో సగం మంది 11.5 నెలలు దాటి బతికితే, రెండూ వాడినవాళ్లలో సగం మంది 14.5 నెలలు దాటి బతికారు. ఆ మూడు నెలల్లో మా ఇళ్లల్లో ఒక బిడ్డ పదో తరగతి పరీక్షలు రాసేస్తుంది. 2003లో ఫలితాలు వచ్చిన మరో ట్రయల్‌లో మాత్రం, 739 మందిలో, డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్ కలిపి ఇస్తే గడ్డలు ఎక్కువమందికి తగ్గాయి గానీ ఆయుష్షు పెరగలేదు. కలిపితే మేలేనని ముందే చెప్పలేం కాబట్టే ట్రయల్స్ కావాలి. మా బాధ అవి జరిగే తీరు గురించి.

మాలో ఒకామె బీడీలు చుట్టి బతుకుతుంది. ఇంతకుముందు వేరే ఆసుపత్రిలో ట్రయల్‌లో చేర్చుకునేటప్పుడు ఇంగ్లీషు కాగితాల మీద ఆమె వేలిముద్ర వేయించుకున్నారు. పక్కన చదివి చెప్పే సాక్షి లేడు. కాపెసిటాబిన్ మూడో సైకిల్ కల్లా అరచేతులు ఎర్రబడి తోలు ఊడింది. కారం తగిలితే ప్రాణం పోయినంత మంట. ఆకు చుట్టడం మానేసింది. రేషన్ షాపు మిషను మీద ఎన్నిసార్లు నొక్కినా వేలిముద్ర పడలేదు. ఆ నెల బియ్యం రాలేదు. ఇలా జరగొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అందుకని అడుగుతున్నాం. అంగీకారపత్రం తెలుగులో ఉండాలి, ఒక రాత్రి ఇంటికి తీసుకెళ్లి మా వాళ్లతో మాట్లాడుకోనివ్వాలి. చదువురాని వాళ్లకు ఆసుపత్రితో సంబంధం లేని సాక్షిని కూర్చోబెట్టాలి. మధ్యలో మానుకున్నా మామూలు వైద్యం ఆగదని రాసివ్వాలి. 2019 క్లినికల్ ట్రయల్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం మాకు హక్కు. ఎవరిని, ఎక్కడ అడగాలో ఆ కాగితం మీదే ఉండాలి. కీమో తర్వాత అర్ధరాత్రి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగలేం, ఎత్తే ఫోన్ నంబరు ఒకటి ఇవ్వండి. రోగికీ తోడు వచ్చినవాళ్లకీ బస్సు ఖర్చులు, పోయిన కూలి ఇప్పించండి.

గడ్డ ఎంత తగ్గిందో స్కాన్‌లో కొలుస్తారు. అన్నం తినగలిగామా, గిన్నె పట్టుకోగలిగామా అన్నది కూడా ప్రతి సైకిల్‌కూ అడిగి రాసుకోండి. వేలిముద్ర పోయినవాళ్లకు రేషన్ డీలరుకూ బ్యాంకుకూ చూపించే చీటీ డాక్టరు సంతకంతో ఇవ్వండి.

మీ కమిటీలో ఒక సామాన్యుడు, ఒక మహిళ తప్పకుండా ఉండాలని నిబంధన. వాళ్లిద్దరినీ ఒక్కసారి వార్డుకు పంపండి. మందు ఎక్కే రెండు గంటలూ మేం మంచం మీదే ఉంటాం, మాట్లాడతాం.

ఇట్లు,
కీమో వార్డు రోగులు, కుటుంబసభ్యులు